తెగిందా... జారిందా?

'చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చేది' అని సామెత. తప్పించుకున్న చేప సంగతీ అంతే. చేతికి చిక్కితే కిలో తూగే చేప, జారిపోయిందంటే రెండు కిలోలవుతుంది. ఇంటికొచ్చేసరికి నాలుగు. నెల తిరిగేసరికి మొసలి. అందుకే పోయిన చేప గురించి చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు. నన్నూ నమ్మక్కర్లేదు. కానీ ఈ వారం చెప్పబోయే చేపని మాత్రం నేను ఒక్క అంగుళం కూడా సాగదీయను. అబద్ధం ఉన్నమాట నిజమే, అది చేప సైజులో కాదు. వేరే చోట ఉంది. వరసగా చెప్పుకొస్తా.

ఈ శీర్షిక చదివే అలవాటున్నవాళ్లకి తెలుసు, నాకు వారమంతా కంప్యూటరు ముందు, శనివారం నీళ్ల ముందు గడుస్తుందని. ఉండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన. పోయినేడు చలికాలంలో నాన్న వచ్చాడు, ఆర్నెల్లు ఉండిపోదామని. అమ్మ పోయాక ఇక్కడికి రావడం అదే మొదలు.

అమెరికా వచ్చిన అమ్మానాన్నల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? మొదటి వారం అన్నీ వింత. రెండో వారం అన్నీ శుభ్రం. మూడో వారం నుంచి కిటికీ. నాన్న కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే కార్ల చక్రాల వంక చూసేవాడు. అందుకో కారణం ఉంది. కావలి దగ్గర హైవే మీద ముప్ఫై ఏళ్లు పంక్చర్ షాపు నడిపిన మనిషి. మేం అయిదో నంబరు రోడ్డు అనేవాళ్లం, ఇప్పుడు దానికి పదహారు అని పేరు మార్చారు. మద్రాసు వెళ్లే లారీలూ, కలకత్తా వెళ్లే లారీలూ మా షాపు ముందు ఆగి మాకు అన్నం పెట్టాయి. 'ఒక్కడికీ పంక్చర్ పడదేందిరా ఈ ఊళ్లో?' అన్నాడొకరోజు. నవ్వుతాడేమో అని చూశా. నవ్వలేదు.

పొద్దున లేస్తే ఫోన్లో పేపరంతా చదివే అలవాటు ఆయనకి. అది మానేశాడు. అడిగితే 'చదవబుద్ధి కావట్లా' అన్నాడు. రాత్రిపూట కార్లో తీసుకెళ్తే ఎదుటి లైట్లకి మొహం పక్కకి తిప్పుకునేవాడు. అమ్మ గుర్తొస్తోంది కాబోలు అనుకున్నా. కొడుకులం మనం అనుకోవడంలో ఘనులం, అడగడంలోనే కాస్త వెనకబడ్డాం.

అసలు మా ఇద్దరి మధ్యా మాటలంటే ఆదివారం ఫోన్ మాటలే. 'తిన్నావా?' 'తిన్నా.' 'మాత్రలు?' 'వేసుకుంటన్నా.' 'కళ్లు చూపించుకుంటానన్నావు?' 'చూపించాలే, ఏం లేదన్నారు.' ఇక ఆయన వంతు. 'ఆడ ఉద్యోగాలు పీకేస్తన్నారంట గదా?' 'మా టీములో ఏం లేదులే నాన్నా.' 'నిద్ర పోతన్నావా?' 'బ్రహ్మాండంగా.' పదిహేనేళ్లుగా ఇదే పాఠం. ఇద్దరికీ కంఠతా వచ్చు.

* * *

ఫిబ్రవరిలో ఒక శనివారం గరాజ్‌లో నా ఫ్లోట్ ట్యూబ్ బయటికి తీసి గాలి కొడుతుంటే నాన్న వచ్చి నిలబడ్డాడు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫ్లోట్ ట్యూబ్ అంటే మనిషి కూర్చుని చేపలు పట్టుకునే గాలి తొట్టి అనుకోండి. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. మధ్యలో సీటు, వెనక ఆనుకోను దిండు, ఒళ్లో అంగుళాల గీతలున్న గుడ్డ, పట్టిన చేపని కొలుచుకోడానికి. నడుం దాకా నీళ్లలోనే ఉంటాం. అందుకని ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు లాంటిది వేసుకుంటాం. కాళ్లకి బాతు కాళ్లలాంటి రెక్కలు తొడుక్కుంటాం. తెడ్లుండవు, మోటారుండదు. కాళ్లు ఆడిస్తే వెనక్కి వెళ్తుంది. ఎటు పోవాలన్నా వీపు అటు పెట్టి పోవడమే.

నాన్న చుట్టూ తిరిగి చూశాడు. వేలికి ఉమ్ము అంటించి వాల్వు మీద రాశాడు. బుడగ వస్తుందేమో అని కాసేపు వేలుపెట్టి చూసి, 'లీకేం లేదు' అన్నాడు. తర్వాత ధర అడిగాడు. పాతదే అయినా ఎనభై డాలర్లని చెప్పా. లెక్క వేసుకుని, 'దీనికా?' అన్నాడు.

ఆ 'దీనికా' వెనక పెద్ద కథే ఉంది. మా చిన్నప్పుడు షాపులో ఇక అతుకులకి పనికిరాని లారీ ట్యూబులుండేవి, 10.00-20 సైజువి. వాటిల్లో ఒకదాన్ని నాన్న తన కోసం దాచుకున్నాడు. ఎన్ని ప్యాచీలో దాని మీద! మధ్యలో నైలాన్ తాడు అడ్డదిడ్డంగా అల్లి, దాని మీద గోనెపట్టా మడిచి వేసి, లారీలు రాని మధ్యాహ్నాల్లో ఊరి చెరువులోకి దిగేవాడు. కాళ్లు నీళ్లల్లో. చేతిలో చుట్టిన దారం, గాలం, ఎర్రలు, జీలుగు బెండు. కొరమీనొస్తే ఆ రోజు పండగ. పుల్లమామిడి వేసి అమ్మ పెట్టే పులుసు ఆ పూట తినకూడదు, మర్నాడు తినాలి.

అమెరికాలో కూడా ఈ సరుకు మొదట్లో అలాంటిదే. లారీ ట్యూబుకి కాన్వాస్ గుడ్డ తొడిగి, మధ్యలో సీటు కుట్టి నీళ్లలోకి దిగేవాళ్లు. తర్వాత కంపెనీలొచ్చి ముందువైపు కోసేసి, జేబులు కుట్టి, ధర పెంచాయి. ఈ ముక్క చెప్పగానే నాన్న మొహం వెలిగింది. 'అంటే నేను ముందరే కనిపెట్టానన్నమాట' అన్నాడు. నెల తర్వాత మొదటిసారి ఆయన తనంతట తాను అడిగింది ఆ రోజే. 'నన్నొకసారి తీసకపోతావా?'

* * *

ఏప్రిల్ దాకా ఆగాం, నీళ్లు కాస్త వేడెక్కాలని. డల్లాస్‌కి ఆగ్నేయంగా గంటన్నర లోపు ప్రయాణంలో పర్టిస్ క్రీక్ అని ఒక స్టేట్ పార్కు ఉంది. 355 ఎకరాల చెరువు. మోటారు పడవలు నెమ్మదిగానే పోవాలని రూలు కాబట్టి ట్యూబులో ఉన్నవాడికి భయం లేదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డున కూర్చుని గాలం వేసుకోడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. నాన్నకి అంతకంటే ఏం కావాలి?

దారిలో నా లైట్ టాకిల్ గురించి చెప్పా. టాకిల్ అంటే రాడ్డు, రీలు, దారం, గాలం అన్నీ కలిపి. లైట్ అంటే అన్నీ సన్నవి. నా రాడ్డు అయిదున్నర అడుగులు, చిటికెన వేలంత కూడా ఉండదు. దారం నాలుగు పౌండ్లది. అంటే కిలోముప్పావు బరువు తిన్నగా వేలాడదీస్తే తెగిపోయేది. 'అంత సన్నది ఎందుకు, లావుది లేదా?' అన్నాడు నాన్న.

ఉంది. కానీ ఇదొక పట్టింపు. కాలిఫోర్నియా తీరంలో శాంటా కాటలీనా అనే ద్వీపం ఉంది. 1898లో అక్కడ చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ఆయన రాడ్డు, రీలుతో 183 పౌండ్ల ట్యూనాని పట్టాడు. అప్పటిదాకా అలాంటి పెద్ద చేపల్ని లావుపాటి దారాలతో, వట్టి చేతుల్తో లాగేసేవాళ్లు. ఆ ఏడాదే అక్కడ ట్యూనా క్లబ్బు పెట్టారు. చేపకి కూడా ఒక అవకాశం ఉండాలి, సన్న దారంతో నేర్పుగా పట్టాలి అన్నది వాళ్ల వాదం. 1939లో మొదలైన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ ఇప్పటికీ దారం బలాన్ని బట్టి రికార్డులు విడివిడిగా రాస్తుంది. సన్న దారంతో పెద్ద చేప పట్టడం దానికదే ఒక ఘనత.

నాన్న అంతా విని, 'చేపకి అవకాశం ఇవ్వాలనుకుంటే గాలం వెయ్యకుండా ఇంట్లో పడుకుంటే సరిపోలా?' అన్నాడు. వెనక సీట్లోంచి మావాడు పకపకా నవ్వాడు. వాడికి పదకొండేళ్లు. తాత మాటకి వాడు నవ్వడం నాకు కొత్తగా వినపడింది.

తర్వాత జార్జ్ పెర్రీ కథ చెప్పా. 1932 జూన్ 2న, జార్జియా రాష్ట్రంలో, ఇరవై ఏళ్ల రైతు కుర్రాడు. మంటగొమరీ లేక్ అనే మడుగులో 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్ పట్టాడు. ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లో బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేశాడు తప్పితే దాటిపోయినవాడు లేడు. పెర్రీ కుటుంబం ఆ చేపని ఏం చేసిందో తెలుసా? అవి కరువు రోజులు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకు తినేశారు.

'ఆయనా మనిషంటే' అన్నాడు నాన్న.

* * *

ఒడ్డున మడత కుర్చీ వేసి నాన్నని, మావాణ్ణి కూర్చోబెట్టా. ఎర్రల డబ్బా ఒకటి, చిన్న చేపపిల్లల డబ్బా ఒకటి. నా గాలానికి ముడి నాన్నే వేశాడు. దారాన్ని గాలం కన్నంలోంచి దూర్చి, దాని చుట్టూ ఏడు మెలికలు తిప్పి, కొసని వెనక్కి దూర్చి, బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడిపాడు. 'ఎండు ముడి లాగితే దారం కాలుద్దిరా. ఉమ్ము తడి ఉంటే మెలికలు సర్దుకుంటయ్యి.' చిన్నప్పుడు వంద సార్లు విన్న మాట. ఇక్కడి పుస్తకాల్లో కూడా అదే రాసి ఉంటుంది. పొడి నైలాన్ రాపిడికి వేడెక్కి బలం పోతుందనీ, సన్న దారానికి కనీసం అయిదారు మెలికలు ఉండాలనీ. అప్పుడాయన మొహం దగ్గరగా పెట్టుకోకుండా వేళ్లతోనే ముడి వేశాడు. గమనించా గానీ, అలవాటైన చేయి కదా అనుకున్నా.

లైఫ్ జాకెట్ బిగించుకుని వెనక్కి వెనక్కి తన్నుకుంటూ వెళ్లా. ఆ చెరువులో మునిగిపోయిన చెట్ల మోళ్లు అక్కడక్కడా నిలబడి ఉంటాయి. ఆ నీడలో క్రాపీ అనే చేపలుంటాయి, అరచేతికి కాస్త పెద్దవి, తినడానికి బాగుంటాయి. అర గంటలో రెండు పట్టా. మూడోసారి గాలం నీళ్లలో ఏదో కొమ్మకి పట్టుకుంది. ఎంత కదిపినా రాలేదు. చివరికి దారం తెంపేశా. నాన్న ముడి మాత్రం ఆ కొమ్మ దగ్గరే ఉండిపోయింది, గాలంతో సహా. అది ఊడలేదు సుమా, పైన దారమే తెగింది.

కొత్త గాలం తీశా. చల్లటి నీళ్లకి వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. మోళ్ల పక్కన నీళ్లు కదులుతున్నాయి, చేపలు మేతలో ఉన్నాయి. తొందర. మూడు మెలికలు తిప్పి బిగించేశా.

ఒడ్డు నుంచి నాన్న కేక వేశాడు. 'గాలం పోయిందా?'

'పోయింది. మళ్లీ కట్టా.'

'తడిపావా?'

'తడిపాలే నాన్నా.'

తడపలేదు. తడపడానికి ఎంతసేపు? రెండు సెకన్లు. అబద్ధం చెప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

* * *

చేపపిల్లని గుచ్చి వేసిన పది నిమిషాలకి బెండు మాయమైంది. క్రాపీ అయితే బెండుని కాస్త పక్కకి లాగుతుంది, అటూ ఇటూ ఆడుతుంది. ఇది అలా కాదు. బెండు ఉంది, లేదు. అంతే.

రాడ్డు ఎత్తా. కొమ్మేమో అనుకున్నా. అప్పుడు ఆ కొమ్మ కదిలింది.

రీలుకి డ్రాగ్ అని ఒక మర ఉంటుంది. చేప బలంగా లాగితే దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదులుతుంది. దారం బలంలో నాలుగో వంతుకి దాన్ని బిగించుకోవాలి. నాది నాలుగు పౌండ్ల దారం కాబట్టి ఒక పౌండుకి. రీలు కీచుమంటూ దారం వదులుతూనే ఉంది. ఇంతలో ఒక సంగతి తెలిసొచ్చింది. దారం వెళ్తోంది సరే, నేనూ వెళ్తున్నా. ట్యూబు కదులుతోంది. చేప నన్ను లాక్కెళుతోంది.

ఒడ్డున నిలబడ్డవాడికీ ట్యూబులో ఉన్నవాడికీ తేడా ఇదే. నేల మీద కాళ్లుంటే లాగుడంతా దారం మీద పడుతుంది. ట్యూబులో మన బరువు కూడా చేపతోపాటే జారుతుంది, దారానికి దెబ్బ తగలదు. ఆవు వెంట దూడ పోయినట్టు పోవడమే. అందుకే ఇంత సన్న దారంతో అంత పెద్ద చేప ఆగింది. ఓపిక పడితే చేప అలిసిపోతుంది. నిజం చెప్పాలంటే, ఆ చేపని పట్టడానికి కావలసినవన్నీ ఆ రోజు నా దగ్గర ఉన్నాయి. ఒక్కటి తప్ప.

నాన్న లేచి నిలబడ్డాడు. మావాడు ఫోన్ తీశాడు. (ఆ వీడియో తర్వాత చూశా. ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది నిమిషాలు వాడి బొటనవేలు, మిగతా రెండు నిమిషాలు నా టోపీ.) చేప తిన్నగా మోళ్ల వైపు తిరిగింది. అది తెలివైన పనే. ఒక్క చుట్టు చుట్టిందంటే దారం గతి అంతే. నేనేమో రాడ్డు కొసకేసి చూస్తున్నా తప్ప, ఎటు పోతున్నానో చూడట్లేదు.

'మోళ్లురా! మోళ్ల మీదకి పోతన్నావ్!' అని నాన్న కేక. 'పోతే పోయింది చేప. ట్యూబు! ట్యూబు జాగ్రత్త!'

ముప్ఫై ఏళ్లు పంక్చర్లు వేసిన గొంతు అది. తలెత్తి చూస్తే పది అడుగుల్లో ఒక మోడు, ఈటె మొనలా. నిజానికి ఈ ట్యూబుల్లో గాలి గదులు రెండు మూడుంటాయి, ఒకటి పోయినా వెంటనే మునిగిపోం. ఆ క్షణాన అదేం గుర్తుకు రాలేదు. కాళ్లు రెండూ ఆడించి వెనక్కి తన్నా. తొడలు మండిపోయాయి. రాడ్డు పక్కకి వంచి పట్టుకుని తన్నుతూనే ఉన్నా. అంగుళం అంగుళం చొప్పున చేప తల తిరిగింది. మేమిద్దరం మళ్లీ నడి నీళ్లలోకి వచ్చాం.

ఆ తర్వాత అది పైకి వచ్చింది. నాకు ఆరేడు అడుగుల దూరంలో. బూడిదరంగు వీపు, రెండుగా చీలిన తోక, మూతికి అటూ ఇటూ మీసాలు. ఛానల్ క్యాట్‌ఫిష్. మన జెల్లకి అమెరికా మేనమామ అనుకోండి. ఈ జాతిలో ప్రపంచ రికార్డు 58 పౌండ్లు, 1964లో సౌత్ కరోలినాలో పట్టారు. నాది అంత కాదు. పన్నెండు పౌండ్లు, అంటే అయిదున్నర కిలోలు ఉంటుంది. ఒక్క అంగుళం పెంచనని మాటిచ్చా కదా.

అది నన్ను చూసింది. లేదా నా పసుపుపచ్చ ట్యూబుని చూసింది. ఒక్కసారి తోక కొట్టి నా కాళ్ల కిందుగా దూరింది. రాడ్డు విల్లులా వంగి కొస నీళ్లలోకి దిగింది. వేళ్లకి 'జర్ర్' మని చిన్నగా తెలిసింది. అంతే. బరువు పోయింది. రాడ్డు తిన్నగా నిలబడింది. చెరువంతా ఏమీ జరగనట్టే ఉంది.

దారం చుట్టుకున్నా. కొస చేతికొచ్చింది. చివర రెండు అంగుళాలు మెలికలు తిరిగి, స్ప్రింగులా చుట్టుకుని ఉంది.

'ఏమైందిరా?' అన్నాడు నాన్న.

'తెగింది నాన్నా. దారం తెగింది.'

* * *

ఒడ్డుకి వచ్చాక నాన్న నా చేతిలోంచి రాడ్డు అందుకున్నాడు. దారం కొసని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రాశాడు. ఒకసారి, రెండుసార్లు. ఏమీ అనకుండా కార్లో పెట్టేశాడు. 'పద, ఆకలైతాంది' అన్నాడు.

ఆ సాయంత్రం స్నేహితుల ఇంట్లో భోజనాలు. పదిమంది చేరితే చేప కథ ఆగుతుందా? చెప్పా. నాలుగు పౌండ్ల దారం, ఇరవై నిమిషాలు, మోళ్లు, అన్నీ. చివర్న 'దారం తెగింది' అన్నా. ఒకాయన నవ్వి, 'దారం తెగిందా, కథ తెగిందా?' అన్నాడు. అందరూ నవ్వారు.

మూల కుర్చీలోంచి నాన్న గొంతు వినపడింది. 'తెగిందండీ. నేనాడనే ఉన్నా. సన్న దారం, పెద్ద చేప. వాడు మాత్రం ఏం చేస్తాడు? తోక నేను చూశా గదా, ఇంత ఉంది.' రెండు చేతులూ బారచాపి చూపించాడు.

పెరుగన్నం గొంతులో అడ్డం పడింది. పంక్చర్ వేసేటప్పుడు మేకు దొరక్కపోతే, దొరికిందని అబద్ధం చెప్పి డబ్బులు తీసుకునే మనిషి కాదు ఆయన. టైరు తడిమి తడిమి మేకు చేతిలో పెట్టాకే డబ్బులడిగేవాడు.

రాత్రి నిద్ర పట్టక గరాజ్‌లోకి వెళితే లైటు వెలుగుతోంది. నాన్న స్టూలు మీద కూర్చుని నా దారం కొస కోసేసి కొత్త గాలం కడుతున్నాడు.

'నాన్నా, అది తెగలేదు' అన్నా.

'తెలుసులే' అన్నాడు, తలెత్తకుండా. 'తెగిన దారం కొస తిన్నగానో గరుగ్గానో ఉంటది. ముడి జారితేనే పంది తోక మాదిరి చుట్టుకుంటది.'

'మరి వాళ్ల ముందు అట్లా చెప్పావే?'

'ఏం, నలుగురిలో నిన్ను నవ్వులపాలు చెయ్యాల్నా?'

కాసేపు మాట్లాడలేకపోయా. తర్వాత ఏదో అనాలని, 'అంత చిన్న చుట్టు నీకు కనపడిందా?' అన్నా.

'కనపడటం యాడిది? వేళ్లకి తెలిసింది.'

అప్పుడు చూశా. ఆయన ఒళ్లో గాలం, చేతిలో దారం. గాలం కన్నంలోకి దారం దూరట్లేదు. ఒకసారి పక్కకి, ఒకసారి పైకి. నేను లోపలికి రాకముందు నుంచీ ఆ పనిలోనే ఉన్నట్టున్నాడు. చదవబుద్ధి కాకపోవడం, కారు లైట్లకి మొహం తిప్పుకోవడం, పొద్దున ముడి వేళ్లతోనే వేయడం, అన్నీ ఒక్కసారి వరసలోకి వచ్చాయి.

'కళ్లు చూపించానన్నావు. ఏం లేదన్నారన్నావు.'

నాన్న దారం కింద పెట్టాడు.

'నువ్వు ముడి తడిపానన్నావు గదా,' అన్నాడు. 'అట్నే.'

* * *

శుక్లాలు. రెండు కళ్లకీ. ఊళ్లో చూపించుకుంటే ఆపరేషన్ అంటారని, ఆపరేషన్ అంటే నేను ఉద్యోగం వదిలి పరిగెత్తుకొస్తానని, అసలే ఉద్యోగాలు పోతున్న రోజులని ఆయన లెక్క. నా ఉద్యోగం సంగతి నేను చెప్పింది ఆయనా నమ్మలేదన్నమాట. ఆ రాత్రి అదీ చెప్పేశా. మా టీములో ముగ్గుర్ని తీసేశారనీ, నాకూ నిద్ర పట్టట్లేదనీ. తెల్లారుజాము దాకా గరాజ్‌లోనే కూర్చున్నాం. పదిహేనేళ్ల ఆదివారాలు ఒక్క రాత్రిలో తిరగరాసుకున్నట్టయింది.

విజిటర్లకి తీసుకునే బీమాలు ముందే ఉన్న జబ్బులకి మామూలుగా డబ్బివ్వవు. అందుకని ఒక నెల ముందే నాన్నని తీసుకుని నేనూ బయల్దేరా. నెల్లూరులో నెల తేడాతో రెండు కళ్లకీ చేశారు. మసకబారిన కటకం తీసేసి కొత్తది పెట్టడం. ఒక్కో కంటికి గంట కూడా పట్టలేదు. మొదటి కన్నుకి నేనున్నా, రెండోదానికి మా చెల్లెలుంది. ఇంత చిన్న పనికి ఆయన రెండేళ్లు చీకట్లో తడుముకున్నాడు. ఎవరికీ బరువు కాకూడదని. అమ్మ లేని ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా.

ఆ చేప గురించి కూడా ఆలోచిస్తుంటా. సన్న దారంతో పట్టడం చేపకి అవకాశం ఇవ్వడం అంటారు గానీ, ఇరవై నిమిషాలు పెనుగులాడితే దాని కండరాలు కూడా మనవాటిలాగే అలిసి విషమెక్కుతాయి. వేసవిలో వేడి నీళ్లలో ఊపిరికి ప్రాణవాయువు తక్కువ కాబట్టి మరీ కష్టం. పైగా మూతిలో నా గాలం. చాలాసార్లు చేపలు వాటిని వదిలించుకుంటాయని అంటారు. అలాగే జరిగి ఉంటుందని అనుకుంటున్నా. ఇప్పుడు ఎండలు ముదిరితే సన్న దారం వాడను. ముల్లు లేని గాలం వాడుతున్నా. ఇక ముడి సంగతి చెప్పక్కర్లేదు. ఏడు మెలికలు, ఉమ్ము తడి. చలి వేసినా, చేపలు ఎగురుతున్నా, రెండు సెకన్లు ఆగుతున్నా.

ఆదివారం ఫోన్లు మారాయి. 'మాత్రలు వేసుకున్నావా?' అంటే నాన్న 'రెండు రోజులు మర్చిపోయా' అంటాడు. నేను తిడతా. 'నిద్ర పోయావా?' అంటే 'లేదు' అంటా. ఆయన తిడతాడు. ఇద్దరికీ హాయిగా ఉంది.

ఈ వారం శీర్షిక పత్రికకి పంపేముందు నాన్నకి పంపించా. ఆయన అబద్ధం కూడా ఇందులో ఉంది కాబట్టి ఒక మాట అడగడం మర్యాద. చదివే అద్దాలు పెట్టుకుని ఫోన్లో మొత్తం చదివాడట. గంటకి ఫోన్ చేశాడు.

'అంతా బాగానే రాశావు గానీ, చేపని మరీ చిన్నది చేశావురా. పన్నెండు పౌండ్లేంది? ఒడ్డు మీద నుంచి నేను చూశా గదా. పాతిక్కి తగ్గదు.'

రెండు కళ్లకీ శుక్లాలు. అరవై గజాల దూరం.

'అంతే ఉంటుందిలే నాన్నా' అన్నా.